ఐస్‌క్రీమ్ బండిలో వచ్చిన పాలు

జూన్ 4

వదినా,

ముందే షరతు: ఇది చదువుతూ ఏడవకూడదు. మొన్న ఫోన్లో మనిద్దరం మాట్లాడిందేముంది? "వదినా" అని నేను, "ఏమ్మా" అని నువ్వు. ఆ తర్వాత అంతా ఎక్కిళ్ళే. చివరికి నర్సమ్మ వచ్చి నా చేతిలో ఫోన్ తీసేసుకుంది. "ఇలా ఏడుస్తూ కూర్చుంటే పాలెలా పడతాయి? ఆవిడతో ఏం చెప్పుకున్నా కాగితం మీద చెప్పుకో" అంది. విసుగులో అన్న మాటే గానీ నాకు నచ్చింది. కాగితం మీద ఏడిస్తే అక్షరాలు అలుక్కుపోతాయి. లాయరుగారి దగ్గర ఇన్నేళ్ళు టైపు కొట్టినదాన్ని, అలాంటి పని నా వల్ల కాదు.

నీ మేనకోడలు రెండు నెలలకి పైగా ముందే వచ్చేసింది. ఆ తొందర మా అన్నయ్యది, నాది కాదు. గాజు పెట్టెలో పెట్టారు. ఎంతుంది అని అడుగుతావు కదా? వాళ్ళ నాన్న అరచేతిలో తల ఆనిస్తే కాళ్ళు ఆయన మోచేతిని అందుకోవు. పేరు ఇంకా పెట్టలేదు. వార్డులో అందరూ 'గుప్పెడు' అంటున్నారు. నోట్లోంచి పొట్టలోకి సన్నటి గొట్టం, నువ్వు గౌనుల అంచుకి వేసే పైపింగు దారమంత ఉంటుంది. చప్పరించి మింగడం దానికి ఇంకా రాదు.

పెద్ద డాక్టరమ్మ మందుల చీటీ రాసింది. చదవడం నా వృత్తి కాబట్టి చదివాను. మందుల పేర్ల మధ్య 'తల్లిపాలు' అని ఉంది. నాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు. "అదీ మందేనమ్మా. నెలలు నిండని పిల్లల పేగులు పచ్చిగా ఉంటాయి. డబ్బాపాలు తట్టుకోలేక ఒక్కోసారి పేగే దెబ్బతింటుంది. తల్లిపాలయితే ఆ భయం చాలా తగ్గుతుంది" అంది.

ఆ మందు నా దగ్గర లేదు వదినా. పంపు పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నా సీసా అడుగు తడుస్తుంది, అంతే. ఆ తడినే నర్సమ్మ దూదిపుల్లతో దాని బుగ్గల లోపల రాస్తుంది. అప్పుడది పెదాలు కదుపుతుంది. అది చూడ్డానికి నేను రోజంతా కాచుకుని ఉంటాను.

ఇక్కడ పాలబ్యాంకు ఉంది. ఎక్కువ పాలున్న తల్లులు ఇచ్చినవి పరీక్ష చేసి, వేడి చేసి, గడ్డకట్టించి దాస్తారు. ఈమధ్య ఇచ్చేవాళ్ళు లేక ఫ్రీజరు అరలు ఖాళీగా కనిపిస్తున్నాయట.

నేనేమీ అడగడం లేదు. ఊరికే విషయం చెబుతున్నాను.

ఏడవకుండా ముగిస్తున్న
నీ ఆడపడుచు

జూన్ 6

ఓ మరదలా,

"ఊరికే విషయం చెబుతున్నాను" అట! నోరు తెరిచి అడిగితే నీ సొమ్మేం పోయింది? చిన్నప్పట్నుంచీ ఇంతే అని మీ అన్నయ్య అంటాడు. ఆకలేస్తే "వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తోంది" అనేదానివట.

నా సంగతి నీకు తెలుసు. మా గుండ్రాయి నాలుగో నెలలోనే రెండు గడ్డాలు వేశాడు. వాడు కడుపునిండా తాగి వదిలేశాక కూడా నాకు రోజుకి రెండు రవికెలు తడిసిపోతాయి. ఇన్నాళ్ళూ ఉతుక్కోలేక తిట్టుకున్నాను. ఇది పనికొస్తుందని ఎవరైనా చెప్పొద్దూ?

నిన్ననే పోయి మీ ఆసుపత్రివాళ్ళు అడిగిన రక్తపరీక్షలన్నీ చేయించుకున్నాను. మీ ఆయన, అంటే మా అన్నయ్యగారు, శుభ్రం చేసిన సీసాలు పంపాడు. పంపు చప్పుడూ కుట్టుమిషను చప్పుడూ ఒకేలా ఉన్నాయి. పక్కింటావిడ గోడవతల్నించి "ఏంటమ్మా, ఈమధ్య గిరాకీ బాగా ఉన్నట్టుందే" అంది. ఉందండీ అన్నాను.

పాలు ఎలా పంపాలా అని బెంగపడకు. ఐస్‌క్రీమ్ బండి నడిపే మొగుణ్ణి పెట్టుకుని చల్లదనానికి వెతుక్కోవాలా? ఎలాగూ రోజూ మీ ఊళ్ళో దుకాణాలకి సరుకు దించుతాడు. నీలం డబ్బాలో సీసాలు పెట్టి, మూత మీద ఈ ఉత్తరం అంటించి ఇస్తున్నాను. పాపం మహా సిగ్గుపడిపోతున్నాడు. "దారిలో ఎవరైనా ఇదేంటని అడిగితే ఏం చెప్పను?" అన్నాడు. మందు అని చెప్పు, డాక్టరమ్మ చీటీలో కూడా అలాగే రాసింది అన్నాను.

అందరికంటే పెద్ద తంటా మీ అమ్మతో వచ్చింది. అత్తయ్య మనసులో గుండ్రాయికీ మీ గుప్పెడుకీ ఎప్పుడో పెళ్ళి చేసేసింది కదా? పాలసంగతి చెప్పగానే నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "నీ పాలు తాగితే ఆ పిల్ల వీడికి చెల్లెలైపోదూ? బంగారంలాంటి వరస చెడగొడతావా?" అంది. ముందు పిల్ల దక్కనీ అత్తయ్యా, మొగుణ్ణి తర్వాత వెతుకుదాం అన్నాను. అప్పుడు ఆవిడే సీసాలు తుడిచి పెట్టింది. తుడుస్తూ మధ్యమధ్యలో గుండ్రాయి వంక జాలిగా చూసింది.

రవికెలు మిగిలిన
మీ వదిన

జూన్ 11

వదినా,

నీ డబ్బా వచ్చింది. వచ్చింది అనే మాట ఇంత తేలిగ్గా రాయగలనని ఆ రోజు అనుకోలేదు.

పాలబ్యాంకులో ఒక సిస్టరుంది, మనిషి చీపురుపుల్లలా ఉంటుంది, ఎప్పుడూ నవ్వదు. మొన్న ఏడున అన్నయ్య తెచ్చిన నీలం డబ్బా ఆవిడ బల్ల మీద పెట్టి మూత తీసింది. లోపల వెనిలా కప్పులు! అన్నయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. వీధి చివరి దుకాణంలో ఒకటి దించబోయి ఇంకొకటి దించేశాడట. మా ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తారు. ఆ దుకాణదారు నీ సీసాల్ని ఫ్రీజర్లో ముందువరసలో సర్ది, "కొత్త రకమా? ధర వేయలేదే" అని అడుగుతున్నాడట. సీలు పోలేదు, కరగలేదు, బతికిపోయాం. ఆ సిస్టరు మొదటిసారి నవ్వింది. నవ్వితే ఎత్తుపళ్ళు కనిపిస్తాయి, ఎంత బావుందో!

నీ పాలు లోపలికి తీసుకున్నారు. గుప్పెడుకి చుక్కలు చుక్కలుగా గొట్టంలో పోస్తున్నారు. మొదటిరోజు అంతా నేను దాని పొట్ట వంక చూస్తూనే కూర్చున్నాను. ఉబ్బలేదు. వాంతి కాలేదు. డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, "ఊఁ" అంది. ఆవిడ ఊఁ అంటే మనం పండగ చేసుకోవచ్చని నర్సమ్మ చెప్పింది.

అమ్మకి చెప్పు, గుప్పెడుకి పెళ్ళికొడుకుని నేనే వెతుకుతానని.

నీ ఆడపడుచు

జూన్ 15

మరదలా,

చదివాను. మళ్ళీ చదివాను. గుండ్రాయికి చదివి వినిపించాను. "ఒరే, నీ వాటా తాగి మీ మరదలు ఊఁ అనిపించుకుందిరా" అంటే బోసినోరు బారెడు తెరిచాడు.

ఇక నువ్వు ప్రతి ఉత్తరంలోనూ దాని బరువు రాయాలి. పెరిగినదంతా నాది. ఒళ్ళు నీదీ మా అన్నయ్యదీ కావచ్చు, కండ మాత్రం నాదేనమ్మా! నేను ఊరికే అనడం లేదు, మొన్న గౌను కొలతలకి వచ్చిన టీచరమ్మతో కూడా చెప్పాను. "నా మేనకోడలు అక్కడ నా పాల మీదే నిలబడింది" అంటే ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని, కుట్టు ఆలస్యమైనా ఏమీ అనలేదు.

దానికి కళ్ళెలా ఉన్నాయి? నా పాలు పోసేటప్పుడు తెరుస్తుందా? గొట్టంలోంచి పోస్తే రుచి తెలుస్తుందా? ఇవన్నీ నర్సమ్మనడిగి రాయి. ఉత్తపుణ్యానికి రోజూ ఇంత పిండి పంపుతున్నదానికి ఆ మాత్రం తెలియాలా వద్దా?

మెత్తటి గుడ్డతో టోపీ కుట్టాను. తల కొలత తెలియక బత్తాయిపండుకి తొడిగి చూశాను. అత్తయ్య ఆ పండుని కూడా కాసేపు ఒళ్ళో పెట్టుకుంది. నవ్వకు, నేనూ పెట్టుకున్నాను.

మీ వదిన

జూన్ 20

వదినా,

టోపీ కళ్ళమీదికి జారుతోంది, బత్తాయి పెద్దదేమో. అయినా తీయనివ్వను. బరువు కొంచెం కొంచెంగా పెరుగుతోంది. కళ్ళు తెరుస్తోంది, అవి మాత్రం అచ్చం మా అత్తగారివి, అప్పుడే నన్ను తప్పుపడుతున్నట్టు చూస్తోంది.

ఇప్పుడు రోజూ కాసేపు దాన్ని ఒంటికి ఆనించుకుని పడుకోబెట్టుకోమంటున్నారు. మా ఆయన వంతు సాయంత్రం. చొక్కా విప్పి కూర్చుంటే నర్సమ్మ దాన్ని ఆయన గుండెల మీద పెట్టి దుప్పటి కప్పుతుంది. ఆయనకి చక్కిలిగింతలని నీకు తెలియదు కదా, నాకూ తెలియదు. పిల్ల వేళ్ళు కదిపినప్పుడల్లా పళ్ళ బిగువున నవ్వాపుకుంటారు, కదిలితే ఎక్కడ జారిపోతుందోనని. ఆయన మొహం చూస్తే పరీక్ష హాల్లో తుమ్ము ఆపుకుంటున్న కుర్రాడిలా ఉంటుంది.

పక్కమంచం ఆవిడ గురించి రాయలేదు కదూ? పెట్రోలు బంకులో పనిచేస్తుంది. లారీల చప్పుడు మీద మాట్లాడి అలవాటై, గుసగుస కూడా కేకలా ఉంటుంది. కవలలు, ఇద్దరూ మగపిల్లలే, మా గుప్పెడు కంటే చిన్నవాళ్ళు. కాన్పులో చాలా నెత్తురు పోయింది. ఇంకా లేచి నిలబడలేకపోతోంది. పాలు పడలేదు. ఆవిడ చెల్లెలికి పెళ్ళి కాలేదు, అక్క లేదు, వదిన అసలే లేదు.

నువ్వు మాత్రం పంపడం ఆపకు వదినా. ఒక్కరోజు కూడా.

నీ ఆడపడుచు

జూన్ 27

ఏమమ్మా, టైపిస్టుగారూ,

మీ అన్నయ్య నిన్న పాలబ్యాంకులో ఆ ఎత్తుపళ్ళ సిస్టరుతో, "మా మేనకోడలికి మా ఆవిడ పాలు బాగా పడ్డాయండీ" అన్నాడట గొప్పగా. "మీ మేనకోడలికా? ఆ పాపకి వాళ్ళమ్మ పాలే పోస్తున్నాం. ఆవిడకి పాలు పడి రెండు వారాలు దాటింది. మీరు తెచ్చేవి వేరే పిల్లలకి వెళుతున్నాయి" అందట.

రెండు వారాలు! అంటే నేను టీచరమ్మకి గొప్పలు చెప్పేటప్పటికే. బత్తాయికి టోపీ తొడిగేటప్పటికే. గుప్పెడు కండంతా నాదని నేను ఊరంతా చాటుకుంటుంటే నువ్వక్కడ చదివి నవ్వుకున్నావన్నమాట. "కొంచెం కొంచెంగా పెరుగుతోంది" అని ఎంత జాగ్రత్తగా రాశావు! లాయరు దగ్గర బాగానే నేర్చుకున్నావు.

ఇంతకంటే రాయను.

డబ్బాలో సీసాలున్నాయి.

జూన్ 29

వదినా,

నవ్వుకోలేదు. నీ ఉత్తరం మీద ఒట్టు, ఒక్కసారి తప్ప. అదీ బత్తాయి దగ్గర.

డాక్టరమ్మ 'ఊఁ' అందని నీకు రాసిన రాత్రే నాకు పాలు పడ్డాయి. ఎందుకో ఎవరికి తెలుసు? 'ఇక పరవాలేదు, పిల్లకి ఉన్నాయి' అని నా ప్రాణం కుదుటపడిందేమో. ఆ తర్వాత నా పిల్లకి నా పాలే పోశారు. డాక్టరమ్మ, కన్నతల్లివి ఉంటే అవే ముందు అంది. చెబుదామని కలం తీశాను. అప్పుడే నీ ఉత్తరం వచ్చింది, కండంతా నాదే అని. ఏ మొహం పెట్టుకుని కాదనను?

అదొక్కటే కాదు. ఫ్రీజర్లో ఉన్నవన్నీ నీ సీసాలే. పాలు లేని తల్లి ఆ పక్కమంచం ఆవిడ ఒక్కతే. ఎవరి పాలు ఎవరికో ఇక్కడ చెప్పరు, కానీ ఆ మాత్రం ఊహించుకోవడానికి చదువు అక్కర్లేదు. ఇద్దరిలో చిన్నవాడికి మొన్న పొట్ట ఉబ్బి రోజంతా పాలు ఆపేశారు. ఆవిడ అంత గొంతుతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. తగ్గి, మళ్ళీ నీ పాలు మొదలుపెట్టాకే "నీళ్ళివ్వండి" అని అరిచింది. వార్డంతా ఉలిక్కిపడ్డాం, సంతోషంతో.

నీ మేనకోడలికి కాదని తెలిస్తే నీకు ఉత్సాహం పోతుందేమోనని భయపడ్డాను. ముక్కూమొహం తెలియని పిల్లలకి రోజూ ఇంత కష్టపడమని నిన్నెలా అడగను?

ఏదో ఒకటి రాయి. తిట్టు.

నీ ఆడపడుచు

జూలై 2

వదినా,

డబ్బా వస్తోంది. మూత మీద ఉత్తరం లేదు. కిందేమైనా పడిందా అని అడుగుదాకా వెతికాను.

సీసాలు మాత్రం మునుపటికంటే ఎక్కువున్నాయి. కోపం వస్తే పాలు పెరుగుతాయా?

నీ ఆ.ప.

జూలై 5

మరదలా,

పెరుగుతాయి. నేను పెంచి చూపించాను.

నాకు కోపం ఎందుకొచ్చిందో నీకు ఇప్పటికీ తెలియలేదు. పాలు పరాయిపిల్లలకి పోయాయని నాకు కోపమా? నేను ఆపేస్తానని అనుకున్నావు చూడు, దానికి. నేను నీ కంటికి అంత ఇరుకు మనిషిలా కనిపించానా? ఈ ఇంటికి వచ్చి ఆరేళ్ళు. నీ పెళ్ళి రవికెలు ఎవరు కుట్టారు? ముహూర్తం దగ్గరపడ్డాక నువ్వు ఏడుపులో లావెక్కితే కుట్లు విప్పి వదులు చేసిందెవరు? "వదినా, ఇవి వేరే పిల్లలకి" అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది.

రాసి ఉంటే కాస్త బాధపడేదాన్ని. అది ఒప్పుకుంటాను. ఒక పూట ముక్కు చీదుకుని, మర్నాడు పంపు ముందు కూర్చునేదాన్ని. ఆ పూట నాకు ఇవ్వాల్సింది నువ్వు.

సరే, అయిపోయింది. నా పాల పేరు చెప్పి రెండు వారాలు గొప్పలు పోయాను కాబట్టి నాకూ ఏమీ నష్టం లేదు. మీ అమ్మ అయితే అసలు సంగతి వినగానే లేచి నిలబడింది. "ఒక్కరోజు చుక్కలు లెక్కలోకి రావు, అయితే వరస చెడలేదన్నమాట!" అని గుండ్రాయిని ఎత్తుకుని ఇల్లంతా తిప్పింది. వాణ్ణి ఎత్తుకుంటే నడుము పట్టేస్తుందని రోజూ గొణిగే మనిషి!

నేను ఎల్లుండి బండిలో వస్తున్నాను. గుప్పెడుని చూడాలి. ఆ మగపిల్లలిద్దర్నీ కూడా చూడాలి. నేనెవరో ఆవిడకి చెప్పకు. నేనూ చెప్పను, ఒట్టు. చెప్పకుండా ఉండగలనా అని మీ అన్నయ్య పందెం వేశాడు.

మీ వదిన

జూలై 9

మరదలా,

క్షేమంగా చేరాను. బండి క్యాబిన్‌లో కూర్చున్నా వెనక చలి తగిలి ముక్కు కారుతోంది, అంతే.

నీ కూతురి గురించి ఏం రాయను? రాస్తే నీ షరతు తప్పుతాను. అద్దంలోంచి చూస్తున్నంతసేపూ అది నన్ను చూడలేదు, టోపీ కళ్ళమీద ఉంది. కొత్తది పంపుతున్నాను. ఈసారి నిమ్మకాయకీ బత్తాయికీ మధ్య చూసుకుని కుట్టాను.

నువ్వు పాపని ఆనించుకుని లోపల కూర్చున్నప్పుడు బయట ఏం జరిగిందో నీకు చెప్పలేదు. నలుగురిలో చెబితే నా గొంతు నిలవదని.

నేను నడవలో బల్ల మీద కూర్చున్నాను. నీ పక్కమంచం ఆవిడ గోడ పట్టుకుని మెల్లగా నడిచి వచ్చి నా పక్కనే కూర్చుంది. గొంతు వినగానే గుర్తుపట్టాను. అద్దం వెనక తన పిల్లల్ని వేలితో చూపించింది. "వీడు పెద్దోడు, వాడు చిన్నోడు. చిన్నోడికే కోపం ఎక్కువ" అంది. అన్నట్టే వాడు ఏడుపు అందుకున్నాడు. అదేం ఏడుపు! పిల్లిపిల్ల కూడా అంతకంటే గట్టిగా అరుస్తుంది. అద్దం ఇవతలికి సరిగా వినిపించను కూడా లేదు. నోరు తెరవడం చూశానంతే, నాకు పాలు చేపుకొచ్చేశాయి. కొంగు సర్దుకునేలోపు రవికె ముందంతా తడిసిపోయింది.

ఆవిడ చూసింది. దొరికిపోయాననుకున్నాను.

"మీకూ చంటిపిల్లాడున్నాడా?" అంది.

"ఉన్నాడండీ. నాలుగు నిండి అయిదో నెల."

"ఇన్ని పాలు ఊరికే రవికెల పాలు చేస్తున్నారా? ఇక్కడ ఇవ్వకూడదూ?" అని మొదలుపెట్టింది, నడవలో అందరూ తిరిగి చూసేలా. "ఎవరో ఒకావిడ రోజూ పంపిస్తోంది, అందుకే నా పిల్లలు ఈ మాత్రమైనా ఉన్నారు. ఆవిడ కూడా మీలాంటిదే కదా, ఆకాశంలోంచి ఊడిపడలేదుగా? మీకు చేతులు లేవా? కాస్త మనసుండాలమ్మా!"

మరదలా, నా జన్మలో ఇంత చీవాట్లు తిని ఇంత సంతోషపడలేదు. నాలుక కొరుక్కుని, "నిజమేనండీ. ఆలోచిస్తాను" అన్నాను. "ఆలోచించేదేముంది, లోపలికెళ్ళి పేరు రాయించుకోండి" అని నన్ను భుజం పట్టి లేపింది. నిలబడలేని మనిషి! తను నా మీద ఆనుకుని నన్నే పాలబ్యాంకుకి నడిపించుకుపోయింది. ఆ సిస్టరు నన్నూ చూసింది, ఆవిడనీ చూసింది. ఎత్తుపళ్ళు కనిపించకుండా పెదాలు బిగబట్టుకుని, "కూర్చోండి, మీకు పద్ధతంతా చెబుతాను" అని నాకు మొదట్నుంచీ వివరించింది. చేతులు ఎలా కడుక్కోవాలో కూడా. బుద్ధిగా విన్నాను.

ఎలాగూ వచ్చాం కదా అని ఆవిణ్ణి కూడా పంపు ముందు కూర్చోబెట్టాను. "నాకు రావు, చాలాసార్లు చూశాను" అంది. బలవంతంగా బిగించి నొక్కకమ్మా, భుజాలు కిందికి దించు, పిల్లల గురించి ఏదైనా చెప్పు అన్నాను. పుట్టకముందు ఇద్దరూ పొట్టలో ఎలా కొట్టుకునేవారో చెప్పడం మొదలుపెట్టింది. లారీడ్రైవర్లకి కూడా చూపించేదట, "ఇదిగో, ఇప్పుడు పెద్దోడు తన్నాడు" అని. చెబుతూ చెబుతూ కిందికి చూసింది. సీసా అడుగున పసుప్పచ్చగా నాలుగు చుక్కలు. సీసాని రెండు చేతులతో పట్టుకుని సిస్టరుకి చూపించింది, నాకు చూపించింది, ఖాళీ గోడకి కూడా చూపించింది.

వచ్చేసేటప్పుడు నాతో, "ఆ పంపించే ఆవిడకి ఇంక కాస్త విశ్రాంతి" అంది. నాకు ఒక్క క్షణం ఏదో పోయినట్టయింది. ఎందుకో నన్నడక్కు, నాకూ తెలియదు. ఇద్దరికీ చాలినంత పడటానికి ఇంకా రోజులు పడుతుంది, అయినా.

పందెం నేనే గెలిచాను. దారంతా మీ అన్నయ్య, "ఒక్క ముక్క కూడా చెప్పలేదా? నువ్వా?" అని పదిసార్లు అడిగాడు.

ఇవాళ పొద్దున సిస్టరు ఆయనతో కబురు పంపింది. నిన్న ఇంకో పసిగుడ్డు వచ్చిందట, కవలల కంటే చిన్నది, తల్లి ఇంకా తెలివిలోకి రాలేదు, సీసాలు తగ్గించవద్దని. నిండుగా నింపి డబ్బా మూత వేశాను. ఆడపిల్లో, మగపిల్లాడో, ఎవరి బిడ్డో నేను అడగలేదు.

మీ వదిన